ఒక్కసారి నన్ను తీసెయ్యి, కుమే

అక్టోబర్ 18, శుక్రవారం

ఈరోజు నుంచి నేను స్వేచ్ఛాజీవిని. ఈ మాట నాది కాదు, మా ప్రెస్సు యజమాని చస్లావ్‌ది. నాకింత అందమైన మాటలు రావు. నేను రాసేవాణ్ణి కాదు, దిద్దేవాణ్ణి.

మధ్యాహ్నం ప్రెస్సులో నా బల్ల దగ్గరికొచ్చి, "పద కుమే, ఈపూట బయట తిందాం" అన్నాడు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. పిసినారితనానికి పేరుపడ్డ మా పిరొట్‌లో పుట్టినవాడు తనంతట తాను బయట తిందాం అన్నాడంటే ఎవరో పోయి ఉండాలి. పోయింది నా ఉద్యోగమని కఫానా హోటల్లో రెండో గ్లాసు రకియా సారా దగ్గర తెలిసింది.

పాపం, చస్లావ్ నాకన్నా ఎక్కువ బాధపడ్డాడు. చేతిరుమాలు కూడా తీశాడు. "ప్రెస్సు సంగతి నీకు చెప్పాలా? పెళ్లి కార్డులు ఫోన్లలో పంపుకుంటున్నారు. క్యాలెండర్లు ఎవడికీ అక్కర్లేదు. మిగిలింది స్తంభాలకి అంటించే చావు కబుర్లే. అవీ తగ్గిపోయాయి కుమే, ఊరు ఖాళీ అయిపోతోంది. చావడానికైనా మనుషులుండాలి కదా!" అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వాను కూడా.

తర్వాత అసలు మాటకొచ్చాడు. "అలాగని నిన్ను నేనెలా తీసేస్తాను? నా పెళ్లిలో నా పక్కన నిలబడ్డ కుమ్‌వి. నా కూతుర్ని బాప్టిజం నీళ్ల దగ్గర ఎత్తుకున్నవాడివి. తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. రేపు సంతలో 'కుమ్‌ని కుమ్ గెంటేశాడట' అంటే మొహం ఎక్కడ పెట్టుకోను? అందుకని ఇద్దరం ఇష్టపడే విడిపోయినట్టు రాసుకుందాం. మర్యాదగా ఉంటుంది."

జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "చదువుకో" అన్నాడు. అన్నాడు, అబద్ధం చెప్పకూడదు.

నేను చదువుతానా! కుమ్ ఇచ్చిన కాగితం కుమ్ ఎదురుగా చదవడమంటే నీ మీద నాకు నమ్మకం లేదని మొహం మీద చెప్పడమే. "ఛీ ఛీ, నీ కాగితం నేను చదవడమేంట్రా" అని పెన్ను లాక్కుని సంతకం పెట్టేశాను. పొడుగ్గా పెట్టి, కింద గీత కూడా లాగాను. ఇద్దరం లేచి చెంపల మీద మూడుసార్లు ముద్దు పెట్టుకున్నాం. బిల్లు నేనే కట్టాను. ఎందుకు కట్టానో ఇప్పటికీ అర్థం కావడం లేదు.

అక్టోబర్ 19

అయిదింటికే మెలకువ వచ్చింది. స్వేచ్ఛ.

అక్టోబర్ 20, ఆదివారం

మా ఆవిడ జాగొర్కాకి చెప్పాలి. భోజనమయ్యాక చెబుతాను.

భోజనం బాగా కుదిరింది. పాడుచేయడం ఎందుకని చెప్పలేదు.

అక్టోబర్ 21

పొద్దున్న అలవాటుగా బూట్లు వేసుకున్నాను. జాగొర్కా రొట్టె పొట్లం చేతికిచ్చింది. గుమ్మం దాకా వెళ్లి, అక్కడే చెప్పేశాను.

భర్త ఉద్యోగం పోయిందంటే భార్యలు కుర్చీలో కూలబడతారని విన్నాను. మా ఆవిడ కూలబడలేదు. ఆసుపత్రి చీటీల కౌంటర్లో జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి. కాగితం చూడందే మనిషి బతికున్నాడని కూడా నమ్మదు.

"ఏమని రాసి తీసేశాడు?" అంది.

"తీసేయలేదు. విడిపోయాం."

"ఎవరు, ఎవరి నుంచి?"

"ఇద్దరం. ఇష్టపడే."

"నువ్వు ఇష్టపడ్డావా?"

"మర్యాద కోసం."

"చదివావా?"

నేను బూట్లు విప్పుకుంటూ కూర్చున్నాను. లేసు ముడి పడింది.

"చదివావా అంటున్నాను గ్రదా! ఊళ్లో పోయినవాళ్ల పేర్లన్నీ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతావు. నీ చావు కబురు మాత్రం చదవకుండా సంతకం పెట్టొచ్చావా?"

"కుమ్ మోసం చేస్తాడా ఏంటి?"

"మోసమని నేనన్నానా? ఆ మాట నీ నోట్లోంచే వచ్చింది."

ఆ తర్వాత గిన్నెలన్నీ తోమింది. కడిగినవి కూడా తోమింది. రేపు ఉపాధి కార్యాలయానికి వెళ్లి భృతికి దరఖాస్తు పెట్టుకోమంది. పెట్టుకుంటాను. పింఛనుకి ఇంకా రెండేళ్లకి కొంచెం తక్కువ ఉంది. నా వయసువాళ్లకి అంతదాకా ఇస్తారట. ఇన్నాళ్లూ నా జీతంలోంచి కోసుకున్నదే కదా, ఇవ్వనీ.

అక్టోబర్ 22

ఇవ్వరట.

కౌంటర్లో ద్రాగిత్సా అనే అమ్మాయి ఉంది. అమ్మాయంటే యాభై ఉంటాయి, నాకు అమ్మాయే. నా కాగితం చదివింది. మొదటి నుంచి చివరి దాకా, వేలు పెట్టుకుని. అలా చదవడం కూడా ఒక పద్ధతే.

"గ్రదిమిర్ గారూ, మీకు భృతి రాదండీ."

"నా ఉద్యోగం పోయిందమ్మా."

"పోలేదండీ. మీరే వదులుకున్నారు. 'పరస్పర అంగీకారంతో' అని ఉంది చూడండి. అలా మానేసినవాళ్లకి లేదు."

"నాకెవరూ చెప్పలేదే!"

ఆమె కాగితం నావైపు తిప్పి మూడో పేరా దగ్గర గోరు పెట్టింది. ఈ ఒప్పందం వల్ల నిరుద్యోగ భృతికి నాకు హక్కుండదని యజమాని నాకు వివరించాడు, నేను అర్థం చేసుకున్నాను. కింద నా సంతకం, గీతతో సహా. ఆ వాక్యంలో కామా ఉండాల్సిన చోట లేదు. అది మాత్రం చటుక్కున కనిపించింది.

"అదే మిమ్మల్ని మిగులు సిబ్బంది కింద తీసేసి ఉంటే పింఛను దాకా వచ్చేది. ఆరోగ్య బీమా నడిచేది, సర్వీసు కూడా ఆగేది కాదు" అంది ద్రాగిత్సా.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ఆయన ఈ కాగితం రద్దు చేసి, మిగులు కింద తీసేసినట్టు ఇంకోటి ఇస్తే రాసుకుంటాను. నెల తిరక్కుండా తేవాలి. మీ యజమానితో మీకు సఖ్యంగానే ఉంటుందా?"

"ఆయన నా కుమ్" అన్నాను, గర్వంగానే.

ద్రాగిత్సా కళ్లజోడు తీసి నన్ను చూసింది. "అయ్యో, అయితే కష్టమేనండీ" అంది.

జాగొర్కా పింఛను కరెంటుకీ, కట్టెలకీ, తన మోకాలి మందులకీ సరిపోతుంది. తిండి ఎక్కడినుంచి వస్తుంది? అరవై దాటిన ప్రూఫ్‌రీడర్‌ని ఈ ఊళ్లో ఎవడు పెట్టుకుంటాడు? భయమేసింది. ఈ మాట రాయకూడదనుకున్నాను. రాశాను.

అక్టోబర్ 24

ప్రెస్సుకి వెళ్లాను. నా బల్ల మీద ఎవరో గొడుగు ఆరబెట్టారు.

"కుమే, నాకొక సాయం చెయ్యాలి."

"ప్రాణమిస్తాను, అడుగు" అన్నాడు చస్లావ్.

"నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యి."

చస్లావ్ లేచి గది తలుపు మూశాడు. "ఏమన్నావు?"

"తీసెయ్యి. పనికిరానని రాయి, ఎక్కువైపోయానని రాయి, నీ ఇష్టం. ఇష్టపడి మానేశానంటే భృతి ఇవ్వరట. నువ్వు తీసేస్తే ఇస్తారట."

"నోరు ముయ్యి! ఆ మాట నా నోట అనిపిస్తావా? మా అమ్మ సమాధిలోంచి లేచొస్తుంది."

"అనొద్దు. రాస్తే చాలు."

"రాయడం ఇంకా ఘోరం! అన్నదైతే గాలికి పోతుంది."

"ఒక్కసారే కదా కుమే. నువ్వు తీసెయ్యి, నేనేమీ అనుకోను. సంతోషిస్తాను."

"నువ్వు సంతోషిస్తావయ్యా, ఊరేమంటుంది? ఇంట్లో మా ఆవిడ రూజా ఏమంటుంది? చస్లావ్ కుమ్‌ని వీధిలోకి తోశాడంటారు."

"నేను వీధిలోనే ఉన్నాను కదరా!"

"ఉన్నావు, కానీ మర్యాదగా ఉన్నావు" అన్నాడు.

ఉద్యోగం ఇమ్మని ఎవర్నీ నేనింతగా బతిమాలలేదు. చివరికి అతని కళ్లలో నీళ్లు చూసి, నొప్పించానని నేనే క్షమాపణ చెప్పాను. బయల్దేరుతుంటే ఇంటి సాసేజి ఒకటి కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు, సీసాతో చదును చేసి ఎండబెట్టిన రకం. నన్ను తీసెయ్యమని వెళ్లినవాణ్ణి సాసేజి పట్టుకుని ఇంటికొచ్చాను.

అక్టోబర్ 25

సాసేజి బాగుంది. ఆ సంగతి ఒప్పుకోవాలి.

అక్టోబర్ 27, ఆదివారం

జాగొర్కా ఎవర్నో అడిగి వచ్చింది. మిగులు కింద తీసేస్తే యజమాని పరిహారం కట్టాలట, పనిచేసిన ప్రతి ఏడాదికీ ఇంతని. నా ఏళ్లకి మూటెడు అవుతుందట. ఇష్టపడి విడిపోతే ఒక్క దినార్ కూడా కట్టక్కర్లేదట.

"అదీ సంగతి. మర్యాద, మర్యాద అని ఏడ్చింది ఇందుకు" అంది.

"నువ్వు ప్రతి మనిషినీ ఆసుపత్రి కౌంటర్లోంచే చూస్తావు."

"నువ్వు చస్లావ్‌ని పెళ్లి ఫోటోలోంచి చూస్తున్నావు."

కోపమొచ్చి చిక్కుడు గింజలు తినకుండా లేచిపోయాను. గంట తర్వాత చల్లారిన గింజలు వంటింట్లో నిలబడి తిన్నాను. తను చూసి, ఉప్పు నావైపు జరిపింది. తిడితే బాగుండేది.

చస్లావ్ అలాంటివాడు కాదు.

అక్టోబర్ 29

మళ్లీ ప్రెస్సుకి వెళ్లాను. చస్లావ్ నీష్ పట్నం వెళ్లాడట. కారు గేటు దగ్గరే ఉంది. బస్సులో వెళ్లి ఉంటాడు. పొదుపు తెలిసిన మనిషి.

అక్టోబర్ 30

ఇవాళ కూడా నీష్‌లోనే. కారు మాత్రం కడిగి ఉంది.

నవంబర్ 1

భృతి లేకపోయినా నేను నిరుద్యోగినేనట, పేరు రాసుకున్నారు. అందుకని ఉద్యోగం వెతుక్కోవడం ఎలాగో నేర్పే తరగతికి పిలిచారు. పాఠం చెప్పిన పిల్లకి నా బూట్ల వయసు ఉంటుంది. మంచి పిల్ల. అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, మీలో ఉన్న గొప్ప గుణం చెప్పండి అంది. రబ్బరు ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయినవాడు ఒకడు, చెప్పడానికి ఏమీ దొరక్క, తనకి పళ్లన్నీ ఉన్నాయన్నాడు.

నా వంతొచ్చింది. "నా కళ్లలోంచి తప్పు జారిపోదు" అన్నాను.

"బాగుంది! మరి మీ బలహీనత?"

"సంతకం."

ఎవరికీ అర్థం కాలేదు. పిల్ల చప్పట్లు కొట్టించింది.

నవంబర్ 4

రద్మిలో అనే కుర్రాడు సంతలో కనిపించాడు. ప్రెస్సులో యంత్రం నడిపేవాడు, వచ్చి నాలుగేళ్లవుతుందేమో. సంచీ నిండా ఎర్ర మిరపకాయలు కొన్నాడు, పచ్చడికి. తననీ అదే వారంలో తీసేశాడట చస్లావ్. నాకు తెలియదు.

"పోనీలే బాబాయ్, లెక్క ప్రకారం చేశాడు. మిగులు కింద రాసిచ్చాడు, పరిహారం చేతిలో పెట్టాడు. భృతి కూడా మొదలవుతోంది. ఇవ్వకపోతే కోర్టుకి లాగుతానని తెలుసుగా. నీకు ఇంకా గట్టిగానే ముట్టి ఉంటుందిలే, కుమ్‌వి కదా!" అని నా భుజం తట్టాడు.

"ముట్టింది" అన్నాను.

మిరపకాయలు ఎంతకిచ్చారని అడిగాను. చెప్పాడు. ఎంత చెప్పాడో గుర్తులేదు.

నవంబర్ 5

రద్మిలో గొప్పలు పోయేవాడు. అబద్ధం చెప్పి ఉండొచ్చు.

నవంబర్ 6

అబద్ధం చెప్పలేదు. ద్రాగిత్సాని అడగడానికి వెళ్లాను. ఇంకొకరి సంగతి నేను చెప్పకూడదండీ అంది. అని, నా మొహం చూసి, తన దగ్గరున్న బిస్కెట్ల పెట్టె నావైపు జరిపింది. నేను ఒకటి తీసుకున్నాను.

నిన్నగాక మొన్న వచ్చిన రద్మిలోకి కాగితం ఇచ్చాడు, కోర్టు భయం కాబట్టి. నాకు ఇవ్వలేదు, నేను వెళ్లనని తెలుసు కాబట్టి. కుమ్‌ని కాకపోయి ఉంటే నా తిండి నాకు దొరికేది. ఇందులో దిద్దడానికి ఏమీ లేదు.

జాగొర్కాకి చెప్పలేదు. ఆమె మాట నిజమైందంటే నేను భరించలేను.

నవంబర్ 7

రేపు మా ఇంటి స్లావా, మా వంశాన్ని కాచే దిమిత్రి సాధువు పండుగ. ఉపవాసపు శుక్రవారం పడింది కాబట్టి మాంసం లేదు, చేపలూ చిక్కుడు గింజలూ. జాగొర్కా గోధుమలు ఉడికించింది. నేను అక్రోట్లు పగలగొట్టాను, వేళ్లు కూడా.

స్లావాకి మేం ఎవర్నీ పిలవం. కిందటేడు వచ్చినవాళ్లు ఈ ఏడూ వస్తారు. రాలేదంటే తెగిపోయినట్టే.

"కుమ్‌కి పళ్లెం పెట్టనా?" అంది జాగొర్కా.

"పెట్టు."

"ఏ మొహంతో వస్తాడు?"

రాకపోతే బాగుండునని ఉంది. వస్తే బాగుండునని కూడా ఉంది. ఈ రెండూ ఒకే మనిషికి ఒకే పూట ఎలా ఉంటాయో నాకు తెలియదు.

నవంబర్ 8, స్లావా

అక్షరాలు వంకరపోతున్నాయి. వైన్ వల్లే అనుకుంటున్నాను.

పొద్దున్న ఫాదర్ వితొమిర్ వచ్చి కొవ్వొత్తి వెలిగించి రొట్టె కోశాడు. మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. పక్కింటివాళ్లు, జాగొర్కా చెల్లెలు, వాళ్లాయన, మేడమీద ఉండే ముసలాయన. చస్లావ్ కూడా వచ్చాడు. రూజాని వెంటబెట్టుకుని, చేతిలో వైన్ సీసాతో, గుమ్మంలోంచే "పండుగ శుభం కుమే!" అని అరుస్తూ వచ్చాడు. మూడు ముద్దులు పెట్టాడు. నా కళ్లు చెమర్చాయి. చూశావా జాగొర్కా, మోసగాడైతే వస్తాడా అనుకున్నాను. ఇంత జరిగాక కూడా అనుకున్నాను, గాడిదని.

బల్ల చివర పెద్ద కుర్చీలో కూర్చోబెట్టాను. మూడో గ్లాసు తర్వాత గ్లాసెత్తి లేచాడు.

"ఈ ఇంటాయన గురించి రెండు ముక్కలు. ముప్పయ్యేళ్లు నా ప్రెస్సుకి కళ్లు ఈయన. మొన్న వచ్చి, కుమే, అలిసిపోయాను, మానేస్తాను అన్నాడు. నేను కాళ్లావేళ్లా పడ్డాను. విన్నాడా? మొండివాడు! సరే, కుమ్ మాట కాదనలేక వదిలేశాను. దేవుడు ఆయన విశ్రాంతిని చల్లగా చూడాలి!"

అందరూ "చల్లగా!" అన్నారు. జాగొర్కా చేతిలో గరిటె ఆగిపోయింది. నావైపు చూసింది. ముప్పయ్యేళ్లలో ఆమె నన్ను అలా చూడలేదు. కోపం కాదు. నువ్వేం చేస్తావో తెలుసు, గ్లాసు నింపుతావు, అన్నట్టు చూసింది.

స్లావా రోజున, కొవ్వొత్తి వెలుగుతుండగా, ఇంటికొచ్చినవాణ్ణి అబద్ధాలకోరు అనకూడదు. అలాగే ఇంటాయన గ్లాసెత్తి చెప్పినదాన్ని అతిథి కాదనకూడదు. ఈ రెండో సంగతి నాకు అప్పుడే తట్టింది. నేను గ్లాసు నింపాను. నాది.

"నా కుమ్ గొప్పతనం మీకు తెలియదు" అన్నాను. లేచి నిలబడ్డాను. "చేసిన మేలు చెప్పుకోడు. చూశారా, ఎలా దాస్తున్నాడో! నేను మానలేదు. ఇతనే నన్ను తీసేశాడు."

చస్లావ్ నోట్లో చేపముక్క అలాగే ఉంది.

"ఎందుకంటే, తీసేస్తేనే నాకు పింఛను దాకా భృతి వస్తుంది. మానేస్తే రాదు. 'కుమ్‌ని గెంటేశాడని ఊరు నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు, నీ బల్ల మీద రొట్టె ఉండాలి' అన్నాడు. మిగులు కింద కాగితం రాసి సోమవారం చేతిలో పెడతానన్నాడు. తన పరువు తీసి నా పళ్లెంలో వేశాడు! ఇలాంటి కుమ్ మీలో ఎవరికున్నాడు?"

"సోమవారం సెలవు కదండీ" అన్నాడు మేడమీది ముసలాయన.

"అయితే మంగళవారం!"

మరుక్షణం ఇల్లు దద్దరిల్లింది. ఫాదర్ వితొమిర్ లేచి చస్లావ్ నుదుటిమీద సిలువ గుర్తు వేశాడు. జాగొర్కా చెల్లెలు ఏడ్చేసింది. రూజా మొగుడి చెంప మీద ముద్దుపెట్టి, "నాతో ఒక్క ముక్క చెప్పలేదేంటయ్యా! ఎంత మంచివాడివి!" అంది. చస్లావ్ చేపముక్క మింగాడు. "అదేముందిలే, కుమ్ కదా" అన్నాడు మెల్లగా. చెవులు ఎర్రబడ్డాయి.

జాగొర్కా పెద్ద చేపముక్క తెచ్చి అతని పళ్లెంలో వేసింది. "తినండి కుమ్ గారూ, మంగళవారానికి ఓపిక కావాలి" అంది.

వంటింట్లో నా చెవి పట్టుకుని లాగి, నెత్తిమీద ముద్దు పెట్టింది.

నవంబర్ 10

ఇంత తెలివి నాలో ఉందని నాకు తెలియదు. రెండురోజులుగా నన్ను నేనే మెచ్చుకుంటున్నాను. రేపు కూడా మెచ్చుకుంటాను, సెలవే కదా.

నవంబర్ 12, మంగళవారం

ఇచ్చాడు.

వెళ్లేసరికి కాగితం బల్ల మీద సిద్ధంగా ఉంది. చస్లావ్ లేవలేదు. ముద్దులు లేవు. రకియా పోయలేదు.

"తీసుకో. నీ కోరికే కదా."

థాంక్స్ చెప్పాను. పరిహారం కూడా అడగమని జాగొర్కా చెప్పి పంపింది, రద్మిలో పేరు మాత్రం నేనే కలిపాను. "రద్మిలోకి పరిహారం ఇచ్చావట. నాది?"

"నీకు మూడేళ్లు ఇచ్చాను గ్రదా."

"ఏమిచ్చావు?"

"జీతం."

"పనికి ఇచ్చావు."

అతను కిటికీలోంచి బయటికి చూశాడు. నేనింకా గెలిచిన ఊపులోనే ఉన్నాను, కాళ్లు ఊపుతున్నాను.

"మూడేళ్ల కిందట కొత్త యంత్రం వచ్చిందా, అప్పటినుంచి పోయినవాళ్ల ఇళ్లవాళ్లు కబురు ఫోన్లోంచే పంపేస్తున్నారు. కంప్యూటరే సరిచూస్తుంది. నువ్వు ఎనిమిదింటికి వచ్చేలోపు రద్మిలో అచ్చేసి పంపేసేవాడు. నీ బల్ల మీద పెట్టినవి అచ్చయిపోయిన వాటి నకళ్లు" అన్నాడు.

"నేను దిద్దినవి?"

చస్లావ్ వంగి కింది సొరుగు లాగాడు. నిండా నా ఎర్ర సిరా. "పారేయలేదు. ఒక్కటి కూడా పారేయలేదు" అన్నాడు.

పైన ఉన్నది ఏప్రిల్‌లో పోయిన టైలరుది. పేరులో అక్షరం తప్పు పడితే సరిచేశాను, పక్కన 'జాగ్రత్త' అని కూడా రాశాను. తర్వాత ఆ తప్పు వంతెన దగ్గర స్తంభం మీద నాలుగు రోజులు అలాగే అతికించి ఉంది. రోజూ చూసేవాణ్ణి. రద్మిలో నిర్లక్ష్యం అని చిరాకు పడ్డాను. ఒకరోజు అతన్ని అందరిముందూ చీవాట్లు కూడా పెట్టాను. అతను తల వంచుకుని, "ఇంకోసారి జరగదు బాబాయ్" అన్నాడు.

"రద్మిలోకి తెలుసా?"

"అందరికీ తెలుసు."

"నాకు ఒక్క మాట చెప్పకూడదూ?"

"ఎలా చెప్పను? కుమ్‌వి" అన్నాడు. ఈసారి చేతిరుమాలు తీయలేదు. "ఆ కాగితంలో మూడో పేరా సంగతి నాకు తెలుసు. తెలిసే పెట్టాను. పరిహారానికి నా దగ్గర లేదు. రద్మిలో కోర్టుకెళ్తాడు, నువ్వు వెళ్లవు. మూడేళ్లు మోశాను కదా, ఇంక చెల్లు అనుకున్నాను. తప్పే. నువ్వు మాత్రం పండుగ బల్ల దగ్గర నన్ను ముంచావు."

తప్పు ఎవరిదో నేను తేల్చలేను. మోసం చేశాడు, అది నిజం. మూడేళ్లు తిండి పెట్టాడు, అదీ నిజం. పరిహారం మాట ఇంక ఎత్తలేదు. సొరుగు మూసేసి వచ్చాను.

జాగొర్కా గుమ్మంలోనే కాగితం లాక్కుని చదివింది. రెండుసార్లు చదివి, "నా మొగుడు సింహం!" అంది. పిండి కలిపి తీపి రొట్టె చేసింది. సింహం తిన్నాడు.

నవంబర్ 13

ద్రాగిత్సా వేలు పెట్టుకుని చదివింది. "'ఈ ఉద్యోగి చేస్తున్న పని సంస్థకు అవసరం లేనందున.' ఇదిగోండి, ఇలా ఉండాలి. చక్కగా రాశారు. పింఛను దాకా ఇంక మీకు చింత లేదు, గ్రదిమిర్ గారూ" అంది. పాపం, నాకన్నా ఎక్కువ సంతోషపడింది.

ఈ ఒక్క వాక్యం కోసం కదా కాళ్లరిగేలా తిరిగాను, కుమ్ ఎదుట అడుక్కున్నాను, కొవ్వొత్తి ముందు నాటకమాడాను. ఇన్ని చేసి నేను పనికిరానని రాయించుకొచ్చాను. అందులో ఒక్క తప్పు లేదు, కామా కూడా సరిగ్గా ఉంది.

ఆమె కంప్యూటర్ వైపు తిరిగి మామూలు ప్రశ్నలు మొదలుపెట్టింది. పేరు, ఇంటి చిరునామా, చదువు.

"ఎప్పటి నుంచి మీకు పని లేదండీ?"

మూడేళ్ల నుంచి అని నాలిక చివరిదాకా వచ్చింది. భృతి కూడా మూడేళ్లుగా వస్తూనే ఉందమ్మా, ప్రభుత్వం కాదు ఇస్తున్నది, నా కుమ్ అని కూడా వచ్చింది. మింగేశాను. ఆమె తలెత్తి నన్ను చూసి, బిస్కెట్ల పెట్టె కోసం చెయ్యి చాపింది.

"వద్దమ్మా" అన్నాను. "కాగితంలో ఉన్న తేదీ వేసుకో."